ఎండకు తిరిగే కవ్వం

నా ఉద్యోగమంతా ఎండను గదిలోకి రానివ్వకుండా చూడటంలోనే గడిచిపోయింది. యూనివర్సిటీలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు ఆప్టిక్స్ ల్యాబులో టెక్నికల్ అసిస్టెంటుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. కాంతి మీద ప్రయోగాలు చేయాలంటే ముందు గది చీకటిగా ఉండాలి. కిటికీలకు నల్ల తెరలు, తలుపు సందుల్లో నల్ల గుడ్డ, వెంటిలేటరుకు అట్టముక్క. బయట మే నెల ఎండకు రోడ్డు మీద తారు కరుగుతున్నా మా గదిలో పిల్లలు ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ రీడింగులు తీసుకునేవారు. అలాంటిదాన్ని నేను సోలార్ మిషన్ తయారు చేశానంటే మీకు నవ్వు రావచ్చు. మా అన్నయ్యకైతే ఇప్పటికీ వస్తుంది.

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిసినప్పుడు, "మేడమ్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన ఎక్స్‌పెరిమెంట్ ఏది" అని అడుగుతుంటారు. ఏ లేజర్ గురించో, విదేశాల నుంచి వచ్చిన ఏ పరికరం గురించో చెబుతాననుకుంటారు. నేను మజ్జిగ గురించి చెబుతాను. సగం మంది మర్యాదకు వింటారు. మిగతా సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

మా డిపార్ట్‌మెంటు గేటు పక్కన పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది. వేసవి వచ్చిందంటే దాని కింద మా చలివేంద్రం వెలిసేది. మంచినీళ్లు ఎవరైనా పెడతారు, మాది మజ్జిగ చలివేంద్రం. అది మొదలుపెట్టింది మా ల్యాబు అటెండరు. వయసులో నాకన్నా పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని. ఆవిడ నన్ను మేడమ్ అనేది. ఆ పిలుపులో భయం మాత్రం నాకు ఎప్పుడూ వినిపించలేదు. నేను ఏ అద్దమో జాగ్రత్తగా పెట్టమంటే, "నాకెరుకనే మేడమ్, మీరు నిన్నమొన్న అచ్చిన్రు" అనేది. అప్పటికి నేను వచ్చి సగం సర్వీసు అయిపోయింది.

పెరుగు లాలాగూడలో బర్రెల కొట్టం ఉన్న ఆవిడ మరిది దగ్గర నుంచి క్యాన్లలో వచ్చేది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర స్టాఫులో రోజుకొకరి వంతు. చిలకడంలో మాత్రం వంతులు లేవు, అది అక్క పని. పెద్ద స్టీలు గుండిగలో పెరుగు పోసి, స్టూలు మీద అందరికీ కనబడేలా పెట్టి, పక్కన నిలబడి రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పేది. పెరుగు గడ్డ విడిపోయి, నురగ లేచి, అంచుదాకా వచ్చేసరికి సరిగ్గా ఆపేది. ఆ తర్వాత కుండలోని నీళ్లు, ఎప్పుడూ ఒక రవ్వ ఎక్కువయ్యే ఉప్పు, మిగతావన్నీ.

లోపల ల్యాబులో నీడపట్టున చేసి తెచ్చి పోయొచ్చు కదా అని కొత్తలో ఒకసారి అన్నాను.

"లోపట చేసి తెస్తే ఏం కలిపిన్రో అనుకుంటరు మేడమ్. కండ్ల ముందల సల్ల చేస్తే సూసుకుంట నిలబడతరు. తాగకముందే సగం దూప తీరుతది" అంది.

మజ్జిగను ఆవిడ సల్ల అనేది, దాహాన్ని దూప అనేది. బస్సు దిగి చెమటలు కక్కుతూ వచ్చేవాళ్లు నిజంగానే కవ్వం చుట్టూ నిలబడి, ఆ తిరగడం చూస్తూ కాస్త శాంతపడేవారు. పరీక్ష తప్పిన పిల్లలు, ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రులు, సీటు కోసం ఆఫీసు చుట్టూ తిరిగే వాళ్లు, అందరూ అక్కడ ఆగేవారు. వాళ్ల కష్టాలు కవ్వం తిప్పుతూనే వినేది. ఎవరికీ సలహా ఇచ్చినట్టు నాకు గుర్తులేదు. గ్లాసు ఇంకొంచెం నింపేది, అంతే.

ఆవిడ రిటైరు కావడానికి ముందు వచ్చిన ఆఖరి వేసవిలో కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ ఎత్తుకు మించి లేచేది కాదు. జడ కూడా కూతురు వేసి పంపాల్సి వచ్చేది. కాలం గడిస్తే అదే వదులుతుందని, అప్పటిదాకా ఆ చేతికి బలం పెట్టే పని చెప్పొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అయినా చలివేంద్రం మొదలైన రోజున ఒక్క ఎడమచేత్తో కవ్వం తిప్పడానికి చూసింది. గ్లాసుల్లో పెరుగు గడ్డలు తేలాయి. ఒక పెద్దాయన పాపం తాగలేక, పారబోయలేక, నమిలాడు. మర్నాడు రీసెర్చి స్కాలర్లు ముందుకొచ్చారు. వాళ్ల ఉత్సాహం ఎంతటిదంటే సగం మజ్జిగ వాళ్ల చొక్కాల మీదే ఉంది. మూడోనాటికి వాళ్లకు గైడు పిలుపు వచ్చింది.

అప్పుడు మా హెడ్డుగారు ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆయన మంచివారు. మంచివాళ్లు తీసుకునే నిర్ణయాలకు ఎదురు చెప్పడం చాలా కష్టం. ఈ ఏడాది నుంచి మజ్జిగ ప్యాకెట్లు తెప్పిద్దామని, అక్కను కుర్చీలో కూర్చోబెట్టి అవి పంచమందామని, ఆవిడకూ విశ్రాంతి దొరుకుతుందని అన్నారు. అవి వచ్చేదాకా మంచినీళ్లే పోద్దామన్నారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

ఆ మధ్యాహ్నం అక్క డార్క్ రూములోకి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ప్యాకెట్లు పంచనీకి నేనెందుకు మేడమ్? గేటుకు సంచి ఏలాడదీస్తే ఎవలది వాళ్లే తీస్కపోతరు."

సోడియం దీపం పసుపుపచ్చ వెలుతురులో ఎవరి ముఖమైనా జబ్బుపడ్డట్టే ఉంటుంది, అందుకని ఆవిడ ఏడుస్తోందో లేదో తెలియలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. ఇన్నేళ్లలో ఆవిడ దగ్గర ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. "ఉండక్కా, ఏదో ఒకటి చూద్దాం" అన్నాను. యూనివర్సిటీలో ఆ మాటకు ఏమీ చూడబోవడం లేదని అర్థం. కానీ అనేశాక అది నన్ను పట్టుకుంది.

మొదట కరెంటు సంగతి అడిగాను. డిపార్ట్‌మెంటు నుంచి రోడ్డు పక్క చెట్టు కిందికి వైరు లాగడానికి వీల్లేదన్నారు. గుండిగ, నీళ్లు, జనం ఉండే చోట కరెంటు వైరు వద్దనడం న్యాయమే కాబట్టి నేనూ వాదించలేదు. సాయంత్రం తార్నాకలో మా అపార్ట్‌మెంటు టెర్రస్ మీద బట్టలు తీయడానికి వెళ్తే, నీళ్ల ట్యాంకు పక్కన పాత సోలార్ దీపం పలక కనబడింది. కొత్త దీపాలు పెట్టాక దాన్ని అక్కడ పడేశారు. దాని మీద ఎవరో ఎండుమిర్చి ఆరబోసుకుంటున్నారు. మిర్చి పక్కకు జరిపి చూశాను. గాజు పగల్లేదు. అసోసియేషన్ వాళ్లను అడిగితే, మిర్చి ఆవిడకు అభ్యంతరం లేకపోతే తీసుకోమన్నారు.

మా అన్నయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మా నాన్న గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి మెట్టుగూడ క్వార్టర్సులో కాపురం పెట్టాడు, మేమిద్దరం అక్కడే పెరిగాం. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అన్నయ్య మా ఇంటికి భోజనానికి వస్తాడు. ఆ ఆదివారం నా ఆలోచన చెప్పగానే ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు.

"కవ్వం తిప్పడానికి మోటారేంటే? నీకేమైనా మతి పోయిందా?"

మా అన్నయ్య వద్దన్నాడంటే అప్పటికే మనసులో బొమ్మ గీసుకుంటున్నాడని లెక్క. తర్వాతి ఆదివారం పాటల పుస్తకంతోపాటు ఒక పాత కారు వైపర్ మోటారు పట్టుకొచ్చాడు. అది వేగంగా తిరగదు కానీ బలంగా తిరుగుతుంది, చిక్కటి పెరుగుకు అదే కావాలి. అమ్మ కుట్టుమిషను చక్రం, బెల్టు మా అటక మీద ఉన్నాయి. వాటితో మోటారు వేగం కాస్త పెంచాం. కవ్వం మా వంటింటిదే. పలక నుంచి వచ్చే రెండు తీగల్ని తిన్నగా మోటారుకు కలిపాం. బ్యాటరీ లేదు, స్విచ్చి లేదు. ఎండ పడితే తిరుగుతుంది, పోతే ఆగుతుంది. ఇంతకన్నా తేలికైన మిషన్ ఎవరూ చేయలేరని అన్నదమ్ముల్లా భుజాలు చరుచుకున్నాం.

ఫ్రేము మాత్రం అన్నయ్య తన పద్ధతిలో చేశాడు. మజ్జిగ గుండిగకు నాలుగు కర్రలు చాలు. ఆయన ఇనుప యాంగ్లర్లు కోసి, వెల్డింగు పెట్టించి, దాని మీద గూడ్సు బండి ఎక్కినా వంగనంత గట్టిగా తయారు చేశాడు. టెర్రస్ మీదికి ఎక్కించడానికి వాచ్‌మన్, పాలబ్బాయి కూడా పట్టాల్సి వచ్చింది.

తిరిగింది. మొదటిసారి కవ్వం తనంతట తాను తిరగడం మొదలుపెట్టినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఎన్ని ఏళ్లుగా ఎండను తెరలు కట్టి ఆపానో, అది ఇప్పుడు నా కళ్ల ముందు పెరుగు చిలుకుతోంది. కింద ఫ్లాట్ల వాళ్లు గ్లాసులతో పైకి వచ్చేశారు. మిర్చి ఆవిడ కూడా వచ్చింది. నురగ లేవగానే నేను తీగ క్లిప్పు ఊడదీసేదాన్ని, వాళ్లు తాగేసేవారు. ఆ వేసవిలో మా అపార్ట్‌మెంటులో ఎవరికీ వడదెబ్బ తగల్లేదు.

అక్కకు చూపించడానికి ఒకరోజు ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడ టెర్రస్ మీద మిషన్ చుట్టూ ఒకసారి తిరిగింది. ఇనుమును గోటితో కొట్టి చూసింది.

"మంచిగున్నది" అంది. కవ్వం వైపు చూసి, "ఇది చిలుకుతుంటే నేనేం చేస్త?" అంది.

"ఉప్పు చూస్తావు. అందరికీ పోస్తావు."

"పోసుడు ఎవలన్న పోస్తరు మేడమ్."

నేను అప్పుడు మిషన్ మీద మోజులో ఉన్నాను. ఆ మాట విన్నాను కానీ అది ఎక్కడ తగలాలో అక్కడ తగల్లేదు. భుజానికి విశ్రాంతి దొరుకుతుంది కదా అని హెడ్డుగారు అన్న మాటే నేనూ అన్నాను. ఆవిడ గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

హెడ్డుగారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన నవ్వి, "ఎంట్రన్సు పరీక్ష రోజున పెట్టండి, చూద్దాం. నడిస్తే వేసవంతా మీదే. నడవకపోతే మర్నాటి నుంచి ప్యాకెట్లు" అన్నారు. ఎంట్రన్సు పరీక్ష రోజంటే మా క్యాంపస్ తిరునాళ్లలా ఉంటుంది. పిల్లలు లోపల రాస్తుంటే తల్లిదండ్రులు చెట్ల కింద, గోడల వెంట ఎండలో ఎదురుచూస్తుంటారు. వాళ్లందరి ముందు తేలిపోతే అక్క ఆఖరి వేసవి ప్యాకెట్ల సంచితో ముగుస్తుంది.

ఆ మాట చెప్పగానే అన్నయ్యకు పౌరుషం వచ్చింది. ముందురోజు సాయంత్రం వచ్చి క్లిప్పులన్నీ పీకేశాడు.

"పదిమందిలో పెట్టే బండికి క్లిప్పులేంటే, ఎవడో కాలు తగిలిస్తే ఊడి చస్తాయి" అని, ప్రతి తీగకూ బోల్టు, నట్టు, వాషరు వేసి పానాతో బిగించాడు. రైలు పట్టాలు విడిపోతాయేమో గానీ ఆ తీగలు విడిపోవు.

పరీక్ష రోజు పొద్దున్నే ట్రాలీ ఆటోలో మిషన్ తీసుకెళ్లి నిద్రగన్నేరు చెట్టు కింద దించాం. అక్క అప్పటికే నేలకు నీళ్లు చల్లి, కుండలకు తడిగుడ్డలు చుట్టి ఉంచింది. గుండిగ ఫ్రేములో కూర్చుంది. పెరుగు పోశాం. పలకను ఫ్రేము మీదే బిగించాడు అన్నయ్య, అందంగా. జనం పోగయ్యారు. కవ్వం తిరగలేదు.

అన్నయ్య బోల్టులన్నీ ఒక్కొక్కటే తడిమాడు. బెల్టు లాగి చూశాడు. మోటారు మీద గుద్దాడు. నేను మాత్రం మెల్లగా తల పైకెత్తి చూశాను. ఆకుల మధ్య ఆకాశం ముక్కలు ముక్కలుగా కనబడింది. చలివేంద్రం ప్రపంచంలో ఎక్కడైనా నీడలోనే పెడతారు. ఎండకు తిరిగే మిషన్‌ను మేము ఊరంతటికీ చల్లని చోటికి మోసుకొచ్చాం.

"చెట్టు కింద అని నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు అన్నయ్య పళ్లు బిగించి.

"నువ్వడగలేదు."

"నువ్వు కాంతి ల్యాబులో కదే పనిచేసేది."

వెనక ఎవరో తండ్రి, "మోటారు కాలిందేమో" అని పక్కాయనతో అన్నాడు. అక్క ఎడమచేత్తో కొంగు బిగించి, రెండో కవ్వం కోసం సంచిలో వెతకడం మొదలుపెట్టింది. ఆవిడ ఆ చేత్తోనే మొదలుపెడుతుంది, భుజం ఏమైనా సరే.

అన్నయ్య సంచిలో పొడుగు వైరు ఉంది. ఇలాంటి వాళ్ల సంచుల్లో అన్నీ ఉంటాయి. ఫ్రేము మీద నుంచి పలకను విప్పి, వైరు అతికించి, అక్కడ కూడా బోల్టులే వేసి, చెట్టు నీడ అయిపోయే చోట ఎండలో ఒక పొట్టి స్టూలు మీద పెట్టాం. కవ్వం గిర్రున తిరిగింది. జనం "ఓ" అన్నారు. అక్క సంచి వదిలేసి చూసింది. తర్వాత ఆ వింత ఎక్కడి నుంచి వస్తోందో చూద్దామని అందరూ పలక చుట్టూ మూగారు, చాలామంది గొడుగులతో సహా. కవ్వం ఆగిపోయింది. అన్నయ్య వాళ్లను, ప్లాట్‌ఫారం మీద రైలు వచ్చేముందు పోలీసు తోసినట్టు, వెనక్కి జరపడం మొదలుపెట్టాడు. జరిగితే తిరిగేది, మూగితే ఆగేది. చివరికి సున్నంతో గీత గీసి దాని ఇవతలికి రావద్దన్నాడు.

మొదటి గుండిగ అద్భుతంగా వచ్చింది. నురగ అంచుదాకా లేచింది. అక్క వంగి చూసి, "అయింది, ఆపుండ్రి" అంది.

ఆపడానికి మా దగ్గర ఏమీ లేదు. ఇంట్లోనైతే క్లిప్పు ఊడదీసేవాళ్లం. అన్నయ్య పానా కోసం సంచిలో చెయ్యి పెట్టాడు, జేబులు తడుముకున్నాడు, ఆటో ఆగిన చోటు వైపు చూశాడు. పలకను ఎండలో పెట్టాక పానాను ట్రాలీలో పెట్టినట్టున్నాడు, ట్రాలీ ఎప్పుడో తార్నాక దాటింది. నేను వట్టి వేళ్లతో బోల్టు తిప్పబోయాను. రైల్వే వాళ్లు బిగించిన బోల్టు వేళ్లకు లొంగుతుందా. ఇందాక గొడుగుల నీడకు అది ఆగిపోయిన సంగతి ఆ కంగారులో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పైగా ఎండ ముదిరేకొద్దీ కవ్వం ఇంకా జోరందుకుంది.

"వెన్న వస్తున్నది" అంది అక్క, మామూలు గొంతుతో.

వచ్చింది. చిక్కటి బర్రె పెరుగు, జోరు తగ్గుతుందేమోనని మేము పోసిన కుండలోని చల్లటి నీళ్లు, ఆగని కవ్వం. గుండిగ నిండా వెన్న పూసలు పూసలుగా తేలింది. గీత అవతల నిలబడ్డవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. "సల్ల అడిగితే వెన్న ఇస్తున్నరు, మంచిదే పోనీ" అన్నాడు ఒకాయన. ఆయన నవ్వులో ఎగతాళి లేదు, కానీ నాకు ముఖం మాడిపోయింది. హెడ్డుగారు పరీక్ష హాళ్లు చూసుకుని ఇటే వస్తారు. ఆయన వచ్చేసరికి చిలకడం అయిపోయి, వెన్న ముద్దా, పుల్లటి నీళ్లూ మిగులుతాయి.

అప్పుడు అక్క చెట్టు నీడ దాటి పలక దగ్గరికి వెళ్లింది. తిట్టడానికే వెళ్లిందని ఇప్పటికీ నా నమ్మకం. "నీ తల్లి, ఎంత ఆగం చేసినవే" అంటూ దాని మీదికి వంగింది. మోటారు చప్పుడు తగ్గింది. కవ్వం నీరసపడి ఆగింది. ఆవిడ లేచి నడుము పట్టుకుంది. కవ్వం మళ్లీ తిరిగింది.

"అక్కా, మళ్లీ వంగు" అన్నాను.

"ఎందుకు?"

"వంగవే చెబుతాను."

ఆవిడ వంగలేదు, కుడిచెయ్యి మాత్రం కొంచెం ముందుకు చాచింది. ఆ చెయ్యి పైకి లేవదు కానీ కిందికి చాస్తే నొప్పి లేదు. అరచేతి నీడ పలక మూలలో పడింది. కవ్వం ఆగింది. అరచెయ్యంత నీడ చాలు. పలకలో చిన్న చిన్న గడులన్నీ గొలుసులా కలిసి ఉంటాయి, ఒక్క గడి చీకట్లో పడినా గొలుసంతా మందగిస్తుంది. పుస్తకంలో ఉన్న విషయమే, పిల్లలకు నేను చెప్పిన విషయమే. మా టెర్రస్ మీద ట్యాంకు దగ్గర తప్ప నీడ ఎక్కడా లేదు, అందుకని అక్కడ అది నా కంట పడలేదు.

నీడ సంగతులు మాత్రం నాకు బాగా తెలుసు. జీవితమంతా చేసిన పని అదే. వెలుతురు పడే సందును వెంట్రుకవాసి పెంచడం, తగ్గించడం. "చెయ్యి కొంచెం దూరంగా పెట్టక్కా, నీడ పలచబడుతుంది" అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసింది. కవ్వం నిదానంగా తిరిగింది. దగ్గరికి తెచ్చింది, ఆగింది. వేళ్లు విడదీసింది. కవ్వం తడబడుతూ కదిలింది. ఆవిడ ముఖంలో ఒక్కసారిగా ఏదో వెలిగింది. నేను చెప్పాల్సింది ఇంకా ఉంది, కానీ ఆవిడ వినడం మానేసింది. తలతిప్పి కవ్వాన్ని చూస్తూ, వేళ్లు మూస్తూ, తెరుస్తూ, మణికట్టు తిప్పుతూ, ఒక పది మంది గ్లాసులు పట్టుకుని ఎదురుచూస్తున్నారన్న సంగతే మరచిపోయింది.

రెండో గుండిగ నింపాం. అక్క స్టూలు తెచ్చుకుని నీడ అంచున కూర్చుంది, ఒళ్లు నీడలో, కుడిచెయ్యి మాత్రం ఎండలో. మోచేతి కింద తడిగుడ్డ మడిచి పెట్టాను. మొదట నిదానంగా తిప్పించి పెరుగు గడ్డ విడగొట్టింది. తర్వాత చెయ్యి తీసేసి జోరుగా వదిలింది. నురగ లేచింది. అంచుదాకా వచ్చిన క్షణాన అరచెయ్యి వాల్చింది. కవ్వం నిలబడిపోయింది. ఎప్పుడూ ఆపే చోటే ఆపింది. గీత అవతల ఉన్నవాళ్లు నవ్వు మానేసి, ఆ చేతినీ కవ్వాన్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డారు. ఆవిడ చెప్పినట్టు, తాగకముందే వాళ్ల దాహం సగం తీరినట్టుంది.

హెడ్డుగారు వచ్చేసరికి మూడో గుండిగ నడుస్తోంది. గ్లాసు తాగి, మూతి తుడుచుకుని, "పర్వాలేదే, మిషన్ బాగా చిలికింది" అన్నారు నా వైపు చూసి.

నేను థాంక్స్ చెప్పబోయాను. ఈలోపు అక్క అంది: "మిషన్ తిప్పింది సార్. చిలికింది నేను."

ఆయన ఆవిడ చేతిని చూశారు. కాసేపు అక్కడే నిలబడి ఆవిడ కవ్వాన్ని ఆపడం, వదలడం చూశారు. ఇంకో గ్లాసు అడిగి తాగి వెళ్లారు. ప్యాకెట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

మొదటి గుండిగలో వచ్చిన వెన్న ఏమైందంటారా. క్యాంటీను నుంచి ఎవరో దోసెలు తెచ్చారు. మా అన్నయ్య చర్చి విందుల్లో కూడా అంత తృప్తిగా తినగా నేను చూడలేదు. మిషన్ తప్పుల్లోకెల్లా రుచికరమైన తప్పు అదేనని సర్టిఫికెట్ ఇచ్చాడు.

ఆ వేసవంతా అలాగే నడిచింది. పొద్దు జరిగేకొద్దీ చెట్టు నీడ జరిగేది. కుండలు, గుండిగ, అక్క నీడ వెంట జరిగేవారు. పలక ఎండ వెంట జరిగేది. ఆ రెండూ కలిసే అంచును పట్టుకుని మేము రోజంతా స్టూళ్లు ఈడుస్తూనే ఉండేవాళ్లం. మబ్బు పడితే అందరం ఆకాశం వైపు చూసేవాళ్లం. అక్క మాత్రం చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "జర ఆగుండ్రి, అది గూడ మనిషి లెక్కనే, అలిసిపోతది" అనేది. చీకటి గదిలో నా ఉద్యోగం మంచిదే. పిల్లలకు ఎన్నో రంగులు చూపించాను. కానీ డ్యూటీలో ఉండి హాయిగా, ఏ కారణం లేకుండా నవ్వుకున్న రోజులు ఎక్కువగా ఆ చెట్టు కిందివే.

మీరు కూడా ఎప్పుడైనా ఎవరి కష్టమో తీర్చడానికి ఒక మిషన్ చేస్తారు. చేయండి. అది నడిచాక ఆ మనిషి చెయ్యి ఎక్కడ ఉందో ఒకసారి వెతికి చూడండి. నాకైతే వెతకాలని తోచలేదు, ఎండ చూపించింది.

అక్క ఆ వేసవి చివర రిటైరై బౌద్ధనగర్‌లో కూతురి దగ్గరికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ మిషన్ అడిగింది, ఇచ్చేశాను. మోయడానికి మళ్లీ నలుగురు కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ వీధి మలుపులో చలివేంద్రం ఉంది. నేను రిటైరయ్యాక ప్రతి వేసవీ అన్నయ్యతో కలిసి అక్కడికి వెళ్తుంటాను. పెరుగు లాలాగూడ నుంచే వస్తోంది. ఉప్పు ఇప్పటికీ ఒక రవ్వ ఎక్కువే.

ఈ ఏడాది వెళ్లేసరికి కొత్త సంగతి తెలిసింది. ఆ వీధిలో ఇంజినీరింగు చదివిన అమ్మాయి ఒకామె దానికి స్విచ్చి, వేగం తగ్గించి పెంచే మీట పెట్టి ఇస్తానని, ఆవిడ పొద్దస్తమానం ఎండలో చెయ్యి పెట్టక్కర్లేదని చెప్పిందట. అక్క వద్దందట. ఎందుకొద్దన్నావని అడిగాను. పోనీ ఆ భుజం బాగైపోయి కొన్నేళ్లయింది, జడ తనే వేసుకుంటోంది, కావాలంటే మామూలుగా చేతులతోనే చిలకొచ్చు కదా అని కూడా అన్నాను.

గ్లాసు నింపి నా చేతిలో పెట్టి, మళ్లీ స్టూలు మీద కూర్చుని, కుడిచెయ్యి ఎండలోకి చాచింది. కవ్వం నిదానించింది.

"స్విచ్చి పెడితే గీడ నేనెందుకు మేడమ్?" అంది.